పేరు ఒకటే అయితే సరిపోదట

మా ఇంట్లో సర్వర్ ఉందంటే చాలామంది నవ్వుతారు. బ్యాంకుల్లో ఉండేంత పెద్దది కాదులెండి. మావారు ఏలూరులో మా ఇంటి ముందుగదిలోనే టాక్స్ లెక్కలు చూస్తారు. అందుకని ఉన్న మూడు కంప్యూటర్లకీ పెద్దదిక్కుగా ఒక విండోస్ సర్వర్ పెట్టుకున్నారు. ఎవరు ఎవరో గుర్తుపెట్టుకోవడం, ఎవరి ఫైళ్ళు వాళ్ళకే చూపించడం దాని పని.

మొన్న వేసవిలో దాని డిస్క్ మూలగడం మొదలుపెట్టింది. కొత్త మిషన్ కొన్నాం. "అవే పేర్లు, అవే పాస్‌వర్డ్‌లు మళ్ళీ పెట్టేస్తే సరి" అన్నారు మావారు. తాడేపల్లిగూడెం నిట్‌లో చదివే మా మరిది కొడుకు సెలవులకి మా ఇంట్లోనే ఉన్నాడు. "అలా చేస్తే అందరం కొత్తవాళ్ళమైపోతాం పెదనాన్నా" అన్నాడు వాడు.

విండోస్ మనల్ని పేరుతో గుర్తుపట్టదట. ప్రతి మనిషికీ ఎస్-1-5-21 అని మొదలయ్యే పొడుగాటి నంబరు ఒకటి ఇస్తుంది. దాన్ని సిడ్ అంటారు. సర్వర్‌ని మొదటినుంచీ కట్టి అదే పేరు పెట్టినా నంబరు మాత్రం కొత్తదే వస్తుంది. అప్పుడు కంప్యూటర్ "ఈవిడెవరో కొత్తావిడ" అనుకుని ఖాళీ డెస్క్‌టాప్ తెరుస్తుంది. 2022 ఏప్రిల్ 4న కైకలూరు కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలోకి వచ్చింది కదా, ఊరూ మనుషులూ వాళ్ళే, కాగితం మారింది. ఇక్కడ దానికి తిరకాసు: కాగితం మీద పేరు అదే, మనిషే మారిపోయినట్టు లెక్క.

ఫైళ్ళు కాపీ చేసుకోవచ్చుగా అంటారేమో. ఫైళ్ళు వస్తాయి, అలవాట్లు రావు. మన సెట్టింగులు చాలావరకు ఎన్‌టియూజర్ డాట్ డాట్ అనే దాపుడు ఫైల్లో, మిగతావి యాప్‌డేటా అనే దాపుడు ఫోల్డర్లో ఉంటాయి. నా తెలుగు కీబోర్డు, వర్డ్‌కి నేను ఓపిగ్గా నేర్పుకున్న మాటలు అన్నీ అక్కడే. బ్రౌజర్లో దాచిన పాస్‌వర్డ్‌లైతే ఫోల్డర్ మోసుకొచ్చినంత మాత్రాన తెరుచుకోవు.

నా సంగతి సరే, నా బెంగంతా అత్తయ్యగారి గురించి. ఆవిడకి సొంత అకౌంట్ లేదు. పోయిన ఏడాది కాలం చేసిన మామయ్యగారి పేరుతోనే తెరుస్తారు. మామయ్యగారిది ఎడమచేతి వాటం, మౌస్ బటన్లు తారుమారు చేసుకున్నారు. అక్షరాలు ఇంతింత లావు, బాణం నెమ్మదిగా కదలాలి. ఆయన పక్కన కూర్చోబెట్టి నేర్పారు కాబట్టి, కుడిచేతి వాటమున్న అత్తయ్యగారు కూడా మౌస్ ఎడమచేత్తోనే పట్టుకుంటారు. చెరువు లెక్కలు, 2006లో కొల్లేరు ఆపరేషన్‌లో ఐదో కాంటూరు లోపలి చెరువుల గట్లు కొట్టేసినప్పటి కాగితాల స్కాన్లు, ఆటపాకలో తీసిన పెలికాన్ల ఫొటోలు ఆయన పెట్టినచోటే ఉన్నాయి. ఎక్కడేముందో ఆవిడకి చూపు చెబుతుంది, చదివి వెతకరు.

"పెద్దమ్మా, తాతయ్య అకౌంట్ తీసేద్దామా, పని తగ్గుతుంది" అన్నాడు వాడు అమాయకంగా. రేషన్ కార్డులో తీసేశారు, బ్యాంకులో తీసేశారు, ఫోన్ నంబరూ పోయింది. ఇది ఎవరికి అడ్డం? తీయడానికి వీల్లేదన్నాను. అత్తయ్యగారు పక్కగదిలో పత్తి వత్తులు చేసుకుంటున్నారు, వినలేదు. వినకపోవడమే మంచిదైంది.

అందుకని వాడు పాతదాన్ని ఆపకుండానే, కొత్తదాన్ని రెండో డొమైన్ కంట్రోలర్‌గా పక్కన చేర్చాడు. అప్పుడు అకౌంట్లన్నీ నంబర్లతో సహా దానికి వచ్చేస్తాయి. పాత దీపం కొండెక్కకముందే దాంతో కొత్త దీపం వెలిగించుకున్నట్టు. పాతదాని చేతిలోని ఐదు ప్రత్యేక బాధ్యతలూ కొత్తదానికి మార్చాడు. షేర్ ఫోల్డర్లు అనుమతులతో సహా కాపీ చేశాడు. మూడు కంప్యూటర్లలోనూ డిఎన్ఎస్ అడ్రస్ కొత్తదాన్ని చూపించేలా పెట్టాడు, అది మరిచిపోతే లాగిన్ దగ్గరే చిక్కులొస్తాయట. రెండు రోజులు రెండూ నడిచాక, పాతదాన్ని ఊరికే ప్లగ్ పీకకుండా, పద్ధతిగా బాధ్యత నుంచి దింపి ఆపాడు.

మీ ఇంట్లో సర్వర్ ఇప్పటికే పోయి ఉంటే కంగారుపడకండి. ప్రొఫైల్ ఉండేది మామూలుగా మీ కంప్యూటర్లోనే, సి డ్రైవ్‌లో యూజర్స్ ఫోల్డర్లో. కొత్త నంబరుకి దాన్ని ముడివేసే సాధనాలున్నాయి. ఖాళీ డెస్క్‌టాప్ చూసి, పాత ఫోల్డర్ ఇంకెందుకని మాత్రం తుడిచేయకండి.

మూడోరోజు పొద్దున్న అత్తయ్యగారు కాఫీ తాగి కూర్చున్నారు. ఎడమచేత్తో మౌస్, లావు అక్షరాలు, పెలికాన్లు. ఏమీ మారినట్టు ఆవిడకి తెలియలేదు. వాడి కష్టానికి మెచ్చుకోలు దక్కలేదు పాపం, నేనే పూతరేకులు తెప్పించి పెట్టాను.

వెళ్ళేముందు సర్వర్ బ్యాకప్ బయటి డిస్క్‌లోకి తీయడం నాకు నేర్పాడు. నెలకోసారి తీయమన్నాడు. తేదీలు నాకు గుర్తుండవు, అందుకని అమావాస్యకి తీస్తున్నాను. డిస్క్ బీరువాలో, పొలం కాగితాల పక్కన పెట్టాను.