అమ్మవారి పుట్టినిల్లు

ఇచ్ఛాపురం దాటితే ఆంధ్రదేశం అయిపోతుంది గాని తెలుగు అయిపోదు. బరంపురం స్టేషనులో దిగి బండివాణ్ణి తెలుగులో పిలిస్తే చాలామాట్లు తెలుగులోనే పలుకుతాడు. 1936 ఏప్రిలు 1న ఒరిస్సా వేరుపడేదాకా యీ వూరు మద్రాసు రాజధానిలోదే గదా! మేము పెరిగిన వూరు అది. 2023లో ఠాకురాణీ జాతర చూడడానికి అయిదుగురం కలిసి వెళ్ళాము.

యీ జాతర రెండేళ్ళకొకమారు వస్తుంది. బుఢీ ఠాకురాణి వూరిదేవత. ఆమె గుడి అత్తవారిల్లు. పుట్టినిల్లు మాత్రం దేశిబెహరా వీధి. దేశిబెహరా అంటే పట్టు నేసే దేరా కులంవారి పెద్ద. వారి యింటి భాష తెలుగే. జాతరకు ముందు ఆయన భార్యాసమేతంగా గుడికి వెళ్ళి, కూతురిని పుట్టింటికి రమ్మని పిలుస్తాడు. అమ్మవారు ఆ వీధిలో వేసిన మందిరానికి వచ్చి యించుమించు నెల్లాళ్ళు వుంటుంది. రాత్రిళ్ళు ఆడవాళ్ళు ఘటాలెత్తుకొని వీధులు తిరుగుతారు. మొక్కుకొన్నవాళ్ళు పులివేషాలూ దేవతావేషాలూ కట్టి వెంట నడుస్తారు. పిల్లలకు పులులంటే భయమూ, చూడకపోతే యేడుపూను.

మాకు యీ జాతర చూపించినది మా బాబాయిగారు.

బాబాయి అంటే మా నాన్నగారి తమ్ముడు కారు. నాన్నగారు 1968లో పోయారు. 1971లో అమ్మ మరల పెళ్ళి చేసుకొన్నది. వీరేశలింగంగారు రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం చేయించి అప్పటికి తొంభై యేళ్ళయినా, మా వీధివారికి అది నిన్న మొన్నటి వింతలాగే వుండేది. ఆయనకు భార్య పోయి యిద్దరు పిల్లలు, మేము ముగ్గురం. ఆయన పిల్లలు మా అమ్మను పిన్నీ అన్నారు. లోకంలో వున్న పిలుపే కనుక వారికి చిక్కు లేకపోయింది. మారుతండ్రిని యేమని పిలవాలో మాత్రం మన భాషలో యెవరూ యేర్పాటు చేయలేదు. కొన్నాళ్ళు యేమీ పిలవకుండా గడిపి, చివరకు బాబాయి అన్నాము. ఆయన ఆ పిలుపుకే పలికారు.

ఆయనది వొక కొట్లో గుమాస్తా పద్దు. ఆదివారాలు మా అయిదుగురినీ బస్సెక్కించి గోపాలపురం సముద్రానికి తీసుకొనిపోయేవారు. రంగూనుకు ఓడలు పోయిన రోజుల నాటి మొండిగోడలు చూపించి, కూలికి వెళ్ళిన మనవాళ్ళ కథలు చెప్పేవారు. జంతికల పొట్లం విప్పితే అయిదు వాటాలూ సమానం. ఆరో వాటా యెప్పుడూ వుండేది కాదు.

వొక జాతర రాత్రి మా అక్క అడిగింది: “బాబాయీ, అమ్మవారికి ఆయన నిజం నాన్నేనా?”

“పిలిస్తే వచ్చింది గదమ్మా!” అన్నారాయన. అంతకుమించి యేమీ అనలేదు.

1982లో అక్క పెళ్ళి. కన్యాదానం యెవరు చేయాలన్న మాట వచ్చింది. మా పెదనాన్నగారి తరఫువారు గోత్రం తీశారు. పిల్ల పుట్టిన గోత్రం వేరు, ఆయన గోత్రం వేరు. పైగా అమ్మ యిప్పుడు ఆ యింటి మనిషి కాదన్నారు. పెదనాన్నగారూ దొడ్డమ్మగారూ పీటలమీద కూర్చున్నారు. బాబాయిగారు వంటల పందిట్లో విస్తళ్ళు లెక్క పెడుతూ వుండిపోయారు. కాళ్ళు కడిగేవేళకు పిలుద్దామని అక్క చుట్టూ చూసిందట. మేము లేచి, ఆయనను తీసుకొనిరావచ్చును. లేవలేదు. పెద్దవాళ్ళ మధ్య మాకెందుకనుకొన్నాము. యిది యిన్నేళ్ళుగా మాలో మేము కూడా చెప్పుకోలేదు. ఆయన 1996లో పోయారు.

మొన్నటి జాతరలో దేశిబెహరా వీధి జనంతో కిటకిటలాడుతున్నది. మందిరంలో దర్శనమయ్యాక, పక్క సందులో వున్న పాత పట్టుబట్టల కొట్టుకు వెళ్ళాము. బరంపురం పట్టుచీరకు అంచున కుంభం వుండాలి. అది లేనిది మా అమ్మ పట్టుచీరే కాదనేది. కొట్లో యెనభై దాటిన పెద్దాయన కూర్చుని వున్నారు.

“యెవరి పిల్లలు మీరు?” అని అడిగారు. చెప్పాము.

“గుమాస్తాగారి పిల్లలా? ఆయనకు యిద్దరే గదా!”

“అయిదుగురమండీ” అన్నాడు మా అన్న. అన్నంటే ఆయన కడుపున పుట్టినవాడు.

పెద్దాయన మమ్మల్ని వొక్కొక్కరినీ చూసి, అక్క దగ్గర ఆగారు. “పెళ్ళికూతురు నువ్వేనా అమ్మా? నీ మధుపర్కాలూ, పట్టుచీరా యిక్కడివే. నెలకింత అని రెండేళ్ళు కట్టారాయన. యింట్లో చెప్పవద్దన్నారు.”

ఆ చీర పెదనాన్నగారు పెట్టినదనే మేమందరం అనుకొంటున్నాము.

అక్క చాలాసేపు మాట్లాడలేదు. తరువాత కుంభపు అంచు చీర వొకటి తీయించి, బేరం ఆడకుండా కొన్నది. బయట డప్పులు మోగుతున్నాయి. పులులు వస్తున్నాయని చెల్లెలు మమ్మల్ని అరుగు మీదికి లాగింది.