కహా సునా మాఫ్

షార్జాలో నాకు తెలిసిన ముస్లింలలో మందు ముట్టినవాళ్లు తక్కువ. వడ్డీకి డబ్బు తిప్పేవాళ్లు అసలే లేరు. కానీ శుక్రవారం జుమ్మాకు ఆలస్యమైందంటే చాలు, నా కారు వెనక బండి అడ్డంగా ఆపి మసీదులోకి పరుగుతీస్తారు. ఖుత్బా ప్రసంగం, నమాజు అయ్యేదాకా నేను కదలడానికి లేదు. అదేమిటని మా అంతస్తులో ఉండే కడప పెద్దాయన్ని అడిగాను. ‘చిన్న గునా లే సార్, నమాజుతోనే పోతాది’ అని నవ్వేశాడు.

ఆయన మాటకు ఆధారం లేకపోలేదు. పెద్ద పాపాల జోలికి పోనివాళ్ల చిన్న తప్పుల్ని దేవుడు తుడిచేస్తాడని ఖురాన్ నాలుగో సూరాలో ఉంది. ఒక జుమ్మా నుంచి మరో జుమ్మా దాకా జరిగిన చిన్నవి మాఫీ అని ప్రవక్త మాట (హదీసు) కూడా ఉంది. అయితే పట్టుబట్టి చేస్తూపోతే చిన్నదీ పెద్దదే అవుతుందని మతపండితుడు ఇమామ్ గజాలీ ఎప్పుడో హెచ్చరించాడు. వారం వారం అదే బండి, అదే చోటు!

అసలు చిక్కు ఇంకోటి ఉంది, అదీ ఆ పెద్దాయనే తర్వాత చెప్పాడు. నమాజు తప్పితే అది దేవుడికీ నీకూ మధ్య లెక్క. సాటిమనిషిని నొప్పిస్తే మాత్రం ఆ మనిషే క్షమించాలి. ఆ సాటిమనుషుల హక్కుల్నే హుఖూఖుల్ ఇబాద్ అంటారు. బోలెడు నమాజులు, రోజా ఉపవాసాలు మోసుకుని తీర్పునాటికి వచ్చినవాడు, తాను తిట్టినవాళ్లకూ కొట్టినవాళ్లకూ ఆ పుణ్యమంతా పంచేసి దివాలా తీస్తాడని ప్రవక్త చెప్పిన హదీసు ఉంది. చాడీలు చెప్పడాన్ని ఖురాన్ చచ్చిన సోదరుడి మాంసం తినడంతో పోల్చింది. అయినా రంజాన్ నెలలో గుక్కెడు నీళ్లు మింగని నోళ్లే మా లిఫ్టులో ఎదురింటివాళ్ల సంగతులు నములుతుంటాయి. (శనివారం ఒంటిపూట ఉండే మనవాళ్లు ఏమైనా తక్కువా అంటే, కాదు.)

మన దక్కన్ ముస్లింలలో హజ్‌కు బయల్దేరేముందు అందరినీ కలిసి ‘కహా సునా మాఫ్ కర్నా’ (అన్నవీ విన్నవీ మన్నించు) అని అడిగే ఆచారం ఉంది. ఎదురుగా నిలబడి అడగాలి, అదీ దాని కష్టం. ఇప్పుడు క్షమాపణల రాత్రి షబే బరాత్‌కు వాట్సాప్‌లో ఒకే ఫార్వర్డ్ అందరికీ పోతోంది. నా దగ్గర మూడొందల దిర్హమ్‌లు చేబదులు తీసుకున్న కుర్రాడూ పంపాడు, పువ్వుల బొమ్మతో సహా. మాఫీ అయితే అడిగాడు. దిర్హమ్‌ల ఊసు లేదు.