షడూర్ములు – ఇసుకతిన్నెపై విరిగే అల

వేదాంత పరిభాషలో ‘ఊర్మి’ అనే పదానికి విశిష్టమైన స్థానం ఉంది. ఊర్మి అంటే అల. ఆకలి, దప్పిక, శోకం, మోహం, జర, మరణం అనే ఆరింటినీ మన పెద్దలు షడూర్ములు అని వ్యవహరించారు. వీటిలో ఆకలిదప్పికలు ప్రాణధర్మాలు, శోకమోహాలు మనోధర్మాలు, జరామరణాలు దేహధర్మాలు. ఆత్మ ఈ ఆరింటికీ అతీతమైనదని బృహదారణ్యకోపనిషత్తులో యాజ్ఞవల్క్య మహర్షి కహోలునికి చెప్పిన సమాధానం ఈ భావనకు మూలం.

ఇక్కడ ఒక సూక్ష్మాన్ని గమనించాలి. కామక్రోధాదులకు మన శాస్త్రం పెట్టిన పేరు అరిషడ్వర్గం. అవి శత్రువులు. శోకాన్ని మాత్రం శత్రువుల పట్టికలో చేర్చలేదు. దానిని అల అన్నారు. శత్రువును జయించాలి. అలను జయించినవాడు ఎవడూ లేడు. అది వస్తుంది, పోతుంది, మళ్ళీ వస్తుంది. దానితో ఎలా వ్యవహరించాలన్నది యుద్ధనీతికి సంబంధించిన ప్రశ్న కాదు, వేరే విద్యకు సంబంధించినది. సంస్కృతోపాధ్యాయునిగా ఈ పదాన్ని ఎన్నో ఏళ్ళు విద్యార్థులకు వ్యుత్పత్తితో సహా వివరించాను. దాని ఆంతర్యం నా అనుభవానికి అందినది మాత్రం విశాఖపట్నం సమీపంలోని రుషికొండ తీరంలో, మా అమ్మాయి సర్ఫింగ్ నేర్చుకుంటున్న రోజులలో.

మాది విజయనగరం జిల్లా నెల్లిమర్ల మండలంలోని రామతీర్థం. శ్రీరామచంద్రుడు కొలువైన ఈ క్షేత్రం చుట్టూ ఉన్న బోధికొండ, గురుభక్తుల కొండ, దుర్గకొండ ఒకనాడు బౌద్ధ, జైన సాధకులకు కూడా ఆశ్రయమిచ్చాయి. వారి విహారాల శిథిలాలు, తీర్థంకరుల శిల్పాలు నేటికీ ఆ కొండలపై కనిపిస్తాయి. దుఃఖానికి విరుగుడు వెతికిన మూడు మార్గాలవారు ఈ రాళ్ళ మధ్యనే కూర్చున్నారన్నమాట. నెల్లిమర్ల మీదుగా ప్రవహించే చంపావతీ నది కోనాడ వద్ద బంగాళాఖాతంలో కలుస్తుంది. శ్రావణమాసంలో నా సహధర్మచారిణి పరమపదించినప్పుడు ఆమె అస్థికలను ఆ సంగమంలోనే నిమజ్జనం చేశాం. నదులు సముద్రాన్ని చేరిన తరువాత ‘నేను ఈ నదిని, నేను ఆ నదిని’ అని ఎరుగవని ఛాందోగ్యంలో ఉద్దాలకుడు శ్వేతకేతువుకు చేసిన బోధ ఆ క్షణంలో నాకు జ్ఞప్తికి వచ్చింది. జ్ఞప్తికి రావడం వేరు, ఊరట కలగడం వేరు.

మా అమ్మాయి విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తున్నది. తల్లి పోయిన నాడు గాని, ఆ తరువాతి కర్మలలో గాని ఆమె కంట నీరు రాలేదు. అడిగినదానికి సమాధానం చెప్పేది, పెట్టినది తినేది, అంతే. మార్గశిరంలో ఒకనాడు ఫోనులో, “నాన్నా, రుషికొండలో సర్ఫింగ్ నేర్చుకుంటున్నాను” అన్నది. ఆ మాట విన్న మా అక్కయ్యకు ఆగ్రహం వచ్చింది. “తల్లి పోయి ఏడాదైనా తిరగలేదు. ఆడపిల్లకి సముద్రంలో ఆటలేమిట్రా? పర్వదినం కాకుండా సముద్రాన్ని తాకకూడదని నీకు వేరే చెప్పాలా?” అని నిలదీసింది.

అక్కయ్య మాట తోసివేయదగినది కాదు. అశ్వత్థ వృక్షాన్ని శనివారం నాడే స్పృశించాలని, సముద్రస్నానం పర్వకాలాలలోనే చేయాలని ధర్మశాస్త్ర నియమం ఉంది. పూర్ణిమ, అమావాస్యలు, గ్రహణాలు, మాఘస్నానాల పర్వాలు అందుకు విహితమైనవి. ఈ నియమానికి మూలం భయం కాదు, గౌరవం. సముద్రుడు దేవత, ఆయన ముంగిట ఇష్టానుసారం తిరగరాదు. అందుచేత ఆమె ప్రశ్న నాకూ ప్రశ్నే అయింది. ఈ బిడ్డ దుఃఖం నుండి పారిపోతున్నదా, లేక దుఃఖం దగ్గరకు వెళుతున్నదా? చూడకుండా నిర్ణయించడం న్యాయం కాదని రుషికొండకు ప్రయాణమయ్యాను.

సర్ఫింగ్ అంటే పొడవైన పలకపై బోర్లా పడుకొని, చేతులతో నీటిని వెనక్కి తోస్తూ, వెనుక నుండి వచ్చే అల వేగాన్ని అందుకొని, సరైన క్షణంలో పలకపై లేచి నిలబడి, అల ముఖంపై జారుతూ తీరానికి రావడం. హవాయి ద్వీపవాసులు తమ భాషలో దీనిని ‘అలపై జారడం’ అనే అర్థమిచ్చే మాటతోనే పిలుస్తారు. టోక్యో ఒలింపిక్స్‌లో ఇది తొలిసారిగా పోటీ క్రీడ అయింది. మన దేశంలో దీని ప్రచారానికి కారకులైన వారిలో ఒక సన్న్యాసి ఉండడం విశేషం. అమెరికాలో జన్మించి గౌడీయ వైష్ణవ సంప్రదాయంలో సన్న్యసించిన నరసింహ స్వామి 2004లో కర్ణాటక తీరంలోని ముల్కిలో, తమ ఆశ్రమం నీడలోనే సర్ఫింగ్ శిక్షణకు శ్రీకారం చుట్టారు. అక్కడ జపమూ, అలలూ ఒకే దినచర్యలో భాగాలు.

అయినా ఈ విద్య మన తీరానికి పూర్తిగా పరాయిదని చెప్పలేం. భీమిలి నుండి భావనపాడు వరకు మన గంగపుత్రులు దుంగలను తాళ్ళతో బిగించి కట్టిన తెప్పలపై తరతరాలుగా ఈ కెరటాలను దాటారు. వేట ముగించి తిరిగి వచ్చేటప్పుడు తెప్పను కెరటం వెన్నుపై నిలిపి, ఒకే ఊపున ఇసుక మీదకు తెచ్చే నేర్పు వారిది. నేడు దుంగల తెప్పల స్థానంలో ఫైబర్ పడవలు వచ్చాయి. అలను చదివే కన్ను మాత్రం వారి పిల్లలలో అలాగే ఉంది. రుషికొండలో కొత్తవారికి సర్ఫింగ్ నేర్పుతున్న యువకులలో మత్స్యకార కుటుంబాల వారు ఉన్నారు. మా అమ్మాయికి గురువైన అబ్బాయి కూడా అటువంటివాడే.

మొదటి ఉదయం నేను ఇసుకలో కూర్చొని రెండు గంటలు చూశాను. అలపై నిలబడిన కాలం మొత్తం లెక్కిస్తే ఒక్క నిమిషం కూడా ఉండదు. మిగిలినదంతా నిరీక్షణ. వచ్చిన ప్రతి అలనూ ఆమె అందుకోవడం లేదు. కొన్నిటిని పలకతో సహా తల మీదుగా పోనిస్తున్నది, కొన్నిటి వెన్ను మీదుగా తేలి దాటుతున్నది. కొన్ని ఆమెను పడదోస్తున్నాయి. పలకను కాలికి కట్టిన తాడు పట్టుకొని మళ్ళీ పైకి వస్తున్నది. ఆ సాయంత్రం ఆమె గురువును, “అల ఎక్కడ విరుగుతుందో ఎలా తెలుస్తుంది?” అని అడిగాను. “అలని చూస్తే తెలీదు మాస్టారూ. కింద ఇసుక ఎక్కడ మేట వేసిందో తెలిస్తే తెలుస్తాది” అన్నాడు.

ఆ సమాధానంలో ఒక ప్రకరణమంత విషయం ఉంది. విచారిద్దాం.

మన తీరానికి వచ్చే పెద్ద అలలలో చాలా వరకు ఇక్కడ పుట్టినవి కావు. దక్షిణ మహాసముద్రంలో, వేల కిలోమీటర్ల దూరాన వీచిన తుపాను గాలుల బలం రోజుల తరబడి ప్రయాణించి బంగాళాఖాతాన్ని చేరుతుంది. ప్రయాణించేది నీరు కాదు, శక్తి మాత్రమే. లోతైన నీటిలో తేలుతున్న ఒక పూలదండను చూడండి. అల దాని కింద నుండి సాగిపోతుంది. దండ వలయంగా పైకి లేచి, కిందకు దిగి, దాదాపు ఉన్నచోటనే ఉంటుంది. ఆ అల తీరాన్ని సమీపించి, నీటిలోతు దాని ఎత్తుకు సుమారు 1.3 రెట్లకు తగ్గినప్పుడు, అడుగుభాగం వేగం తగ్గి, శిఖరం ముందుకు ఒరిగి, విరుగుతుంది. అంటే ఒక మీటరు ఎత్తున్న అల ఇంచుమించు 1.3 మీటర్ల లోతులో భగ్నమవుతుంది. భంగానికి హేతువు అలలో కంటే అడుగున ఉన్న తిన్నెలో ఉన్నది.

శోకం కూడా ఇటువంటిదే. శ్రావణంలో జరిగిన మరణం శ్రావణంలోనే ముగిసింది. ఆ సంఘటన ప్రయాణించదు, దాని బలం ప్రయాణిస్తుంది. అది ఏదో ఒక ఉదయం, కాఫీకి నా చేయి అలవాటుగా రెండు గ్లాసులను అందుకున్నప్పుడు, అక్కడ విరుగుతుంది. ఆ రెండవ గ్లాసు ఒక ఇసుకతిన్నె. ముప్పై నాలుగు సంవత్సరాల దాంపత్యం మనస్సు అడుగున ఎన్ని తిన్నెలు వేసిందో పైనుండి చూస్తే తెలియదు. ఏది ఎక్కడ విరిగిందో చూసి అడుగున ఏమున్నదో ఊహించుకోవాలి. వీటినే మన శాస్త్రాలు సంస్కారాలు, వాసనలు అన్నాయి. అల పతంజలి చెప్పిన వృత్తి అయితే, ఇసుక వాసన.

ఇక్కడ మన తీరానికి ఒక అదృష్టం ఉంది. రాతిదిబ్బ లేదా పగడపు దిబ్బ మీద విరిగే అల ఏళ్ళ తరబడి అదే చోట విరుగుతుంది. ఇసుక తీరం అటువంటిది కాదు. నైరుతి ఋతుపవన కాలంలో మన తీరం వెంట ఇసుక ఈశాన్య దిశగా కదులుతుంది. ఈశాన్య పవనాల వేళ దాని గమనం మారుతుంది. విశాఖ ఓడరేవు వద్ద ఆగిపోయే ఇసుకను తవ్వి నగర తీరానికి చేరుస్తూ ఉండవలసి వస్తున్నది. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ వంటి తుపాను ఒక్క రోజులో తీర రూపాన్నే మార్చగలదు. నిన్న విరిగిన చోటే అల రేపు విరగనక్కరలేదు. వాసనలను శుభాశుభ మార్గాలలో ప్రవహించే నదితో పోల్చి, దానిని శుభమార్గానికి మళ్ళించడం పురుషప్రయత్నం వల్ల సాధ్యమని యోగవాసిష్ఠం చెబుతున్నది. మన వాసనలు శిలలు కావు, సైకతాలు. సాధకునికి ఇంతకంటె ఆశాజనకమైన మాట మరొకటి లేదు.

తితిక్ష అనే గుణాన్ని మనలో చాలామంది బిగుసుకొని నిలబడడంగా భావిస్తారు. రొమ్ములోతు నీటిలో అలకు ఎదురుగా బిగుసుకొని నిలబడి చూడండి, ఏమి జరుగుతుందో సముద్రుడే చెబుతాడు. శీతోష్ణాలు, సుఖదుఃఖాలు వచ్చిపోయేవని ద్వితీయాధ్యాయంలో భగవానుడు అర్జునునికి బోధించాడు. రాకను ఆపమని చెప్పలేదు. సహించడమంటే వచ్చినదానికి దారి ఇచ్చి, తన నిలుకడను తాను కోల్పోకపోవడం. విరిగిన అలల నీరు తిన్నెల మధ్య సందుల గుండా వేగంగా లోపలికి లాగుతుంది. ఈ తీరంలో ప్రాణాలు తీసేది తరచుగా ఆ లాగుడే. దానికి ఎదురు ఈదినవాడు అలసి మునుగుతాడు. తీరానికి సమాంతరంగా పక్కకు ఈది, ఆ పాయ నుండి బయటపడి, ఆ తరువాత ఒడ్డుకు రావాలి. శిక్షకులు, రక్షకులు లేనిచోట సముద్రంలో దిగవద్దని చదువరులకు నా మనవి. శాస్త్రం చెప్పిన గౌరవానికి ఇది నేటి రూపం.

అయితే దృష్టాంతం ఏకదేశీయమని మరువరాదు. సర్ఫింగ్ మోక్షసాధనమని నేను చెప్పడం లేదు. అలపై నిలిచినవాడికి అల వేరు, తాను వేరు. వేదాంతం కోరేది ఇంకా లోపలి చూపు: అల నామరూపాలను విడిచి నీటిని చూడమంటుంది. ఆదిశంకరులు షట్పదీ స్తోత్రంలో భగవంతునితో తమ సంబంధాన్ని వివరించడానికి అలను, కడలిని ఆశ్రయించినది అందుకే. లౌకికుని అల ముంచుతుంది. సాధకుడు దానిని దాటడం నేర్చుకుంటాడు. జ్ఞానికి ఉన్నది నీరొక్కటే. మధ్యలో ఉన్నవాడికి మధ్యలోని విద్య కావాలి. నేనూ, మా అమ్మాయీ మధ్యలో ఉన్నవాళ్ళం.

పుష్యంలో రెండవసారి వెళ్ళినప్పుడు ఆమె నీటి నుండి వచ్చి నా పక్కన ఇసుకలో కూర్చొని వెక్కివెక్కి ఏడ్చింది. చాలాసేపటికి తేరుకొని, “ఇన్నాళ్ళూ లోపల నీళ్ళలోనే ఏడుస్తున్నాను నాన్నా. అక్కడైతే ఏది కన్నీరో, ఏది సముద్రమో ఎవరికీ తెలియదు” అన్నది. నీటిలో వేసిన ఉప్పుగల్లును తిరిగి ఏరి తీయలేమని, ఎక్కడ రుచి చూసినా ఉప్పేనని యాజ్ఞవల్క్యుడు మైత్రేయికి చెప్పాడు. ఇల్లు విడిచి వెళ్ళబోతున్న భర్త భార్యకు చెప్పిన మాట అది. మా ఇంట వెళ్ళిపోయినది మైత్రేయి. ఉప్పును గురించి నాకు చెప్పినది మైత్రేయి కూతురు. కోనాడలో కలిపినది రుషికొండలోనూ ఉన్నది.

ఆ సాయంత్రమే అక్కయ్యకు ఫోను చేసి, “అది పారిపోలేదక్కా, ఏడ్చింది” అని చెప్పాను. అవతల కొంతసేపు మౌనం. “చలిలో తడిసి ఉంటుంది, తల తుడుచుకోమను” అన్నది.

సంవత్సరీకం ముగిసిన తరువాత వచ్చిన మాఘ పూర్ణిమనాడు సంకల్పం చెప్పుకొని నేనూ నీటిలో దిగాను. ఆనాటి తిథికి పోటు హెచ్చు; మన తీరంలో పౌర్ణమి, అమావాస్యలకు పోటుపాట్ల మధ్య తేడా సుమారు ఒకటిన్నర మీటరు దాకా ఉంటుంది. స్నానం ముగిశాక, అమ్మాయి ప్రోద్బలంతో, నడుములోతు నీటిలో పలకపై బోర్లా పడుకున్నాను. అల వెనుక నుండి ఎత్తింది. లేచి నిలబడే వయస్సు కాదు. పడుకునే ఒడ్డుకు వచ్చాను. ఆ పది క్షణాలలో స్మృతి లేదు, భావి లేదు, మోస్తున్న బలం మాత్రమే ఉంది. తరువాత మళ్ళీ దుఃఖం వచ్చింది, ఇప్పటికీ వస్తున్నది. నేడు అది వచ్చినప్పుడు దానిని ఎందుకు వచ్చావని అడగను. కింద ఏ తిన్నె ఉన్నదో చూస్తాను.

శ్రీరామచంద్రార్పణమస్తు.