అమ్మ పెట్టిన చిన్న టిక్కు

ఊరెళ్లే ముందు బట్టలు సర్దుకోవడం అందరికీ వచ్చు. గైడ్‌బుక్కు సర్దుకోవడం మాత్రం చాలామంది పట్టించుకోరు. కొని తెస్తారు, రైల్లో నాలుగు పేజీలు తిరగేస్తారు, దిగాక ఆటో అతను ఎటు తిప్పితే అటు తిరిగేస్తారు. ఇంటికొచ్చి తీరిగ్గా పుస్తకం తెరిచాక 'అయ్యో, దాని పక్కనుంచే వెళ్లాం కదా!' అనుకుంటారు.

మా ఇంట్లో ఏ ఊరు వెళ్లాలన్నా నెల ముందే పుస్తకాలు హాల్లో టీపాయ్ మీదికి వచ్చేస్తాయి. పక్కనే పెన్సిలు, రబ్బరు. పెన్నుకు ప్రవేశం లేదు. మా నాన్న తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. పుస్తకానికి కాలు తగిలితే కళ్లకద్దుకునే మనిషి ముందు కూర్చుని స్కెచ్‌పెన్నుతో గీతలు గీయగలమా! పెన్సిలైతే 'సరేలే, చెరిపేయొచ్చు' అని ఒప్పుకున్నారు. ఇక పేజీలు చింపడమనే మాటే ఎత్తకూడదు. మోత తగ్గించుకోవడానికి పుస్తకాన్ని ముక్కలు చేసుకోవడం విదేశీ యాత్రికులకు పాత అలవాటే. జర్మనీకి చెందిన బెడెకర్ గైడ్లు ఒకప్పుడు ప్రపంచమంతా పేరున్నవి. వాటిలో కొన్నింటిని ఏ భాగానికా భాగం విడదీసుకునేలా కుట్టేవాళ్లు. మేం మాత్రం కావాల్సిన పేజీలు జిరాక్సు తీయించుకుంటాం. ఏ రోజు కాగితాలు ఆ రోజుకు పిన్ను కొట్టి, ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుంటాం.

'ఫోన్లో అన్నీ దొరుకుతుంటే ఈ చాదస్తమెందుకు?' అని మా ఆయన మొదట్లో నవ్వేవారు. ఫోను ఒక్కరి చేతిలో ఉంటుంది. టీపాయ్ మీది పుస్తకం ఇంట్లో అందరి చేతుల్లోకీ వెళ్తుంది. ఆ తేడా ఏమిటో మేం హంపి వెళ్లినప్పుడు ఆయనకూ తెలిసింది.

హంపికి మాకు దొరికింది రెండే రోజులు. వెళ్లేది ఐదుగురం. నాన్న, అమ్మ, మా ఆయన, ఆరో తరగతి చదువుతున్న మా అబ్బాయి, నేను. అమ్మకు రెండు మోకాళ్లూ అరిగాయని డాక్టరు అప్పటికే చెప్పారు. నడక ఉన్న ప్రయాణాలు ఇంకెన్ని చేయగలదో తెలియదు. అందుకని ఈ రెండు రోజుల్లో ఒక్క గంట కూడా వృథా కాకూడదనుకున్నాం.

మూడు పుస్తకాలు పోగయ్యాయి. ఒకటి ఇంగ్లిషు గైడు, ఒకటి పురావస్తు శాఖవారి చిన్న పుస్తకం, ఇంకొకటి నాన్న ఎప్పుడో కొన్న తెలుగు పుస్తకం. నేను మొదట చూసేది అచ్చయిన సంవత్సరం. ఇది చాలా ముఖ్యం. విరూపాక్షాలయం ఎదుట హంపి బజారులోని రాతి మండపాల్లో ఒకప్పుడు ఇళ్లూ, దుకాణాలూ, భోజనశాలలూ ఉండేవి. 2011లో వాటిని తొలగించారు. నదికి అవతల విరూపాపుర గడ్డెలో ఉన్న రిసార్టులను 2020లో కూల్చేశారు. పాత పుస్తకం నమ్ముకుని అక్కడ టిఫిను చేద్దామని వెళితే రాళ్లే దర్శనమిస్తాయి. కాబట్టి పుస్తకం పాతదైతే బస, భోజనం, ధరలు ఉన్న పేజీలకు అడ్డంగా ఒక గీత కొట్టేయాలి. గుళ్లూ, గుట్టలూ ఎక్కడికీ పోవు గనుక మిగతాదంతా పనికొస్తుంది.

తర్వాతి పని వరస మార్చడం. పుస్తకం రాసినవాళ్లు తమకు ముఖ్యమనిపించిన వరసలో రాస్తారు. మన కాళ్లకు కావలసింది దారి వరస. హంపిలో శిథిలాలు స్థూలంగా రెండు గుంపులు. నది ఒడ్డున విరూపాక్షాలయం, హేమకూటం, విఠలాలయం ఒకవైపు. కమలాపురానికి దగ్గర్లో మహానవమి దిబ్బ, హజారరామాలయం, లోటస్ మహల్, ఏనుగుల సాల ఇంకోవైపు. ఇందులోనూ ఒక చిక్కుంది. పటంలో విరూపాక్షాలయం, విఠలాలయం పక్కపక్కనే కనిపిస్తాయి. ఏటి ఒడ్డున నడిచిపోతే సుమారు రెండు కిలోమీటర్లే. నడవలేనివాళ్లు మాత్రం రోడ్డు మీద కమలాపురం చుట్టి రావాలి. అక్కడ కూడా బండి గుడిదాకా పోదు. దాదాపు కిలోమీటరు ముందే దిగి బ్యాటరీ బండి ఎక్కాలి. అమ్మ మోకాళ్లకు ఈ ఒక్క వివరం ఎంత ముఖ్యమో వేరే చెప్పాలా! ఆ పేజీ మార్జిన్‌లో 'ఇక్కడికి పొద్దున్నే, ఎండ ముదరకముందే' అని రాసుకున్నాను.

మార్జిన్‌లో నేను రాసేవన్నీ ఇలాంటివే. ఎన్ని మెట్లు, నీడ ఉందా, నీళ్లు దొరుకుతాయా, సెలవు ఏ రోజు. కమలాపురం మ్యూజియానికి శుక్రవారం సెలవు. ఇలాంటి రాతలు నేను కనిపెట్టినవేం కావు. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య, దారి పొడవునా మజిలీ నుంచి మజిలీకి ఎంత దూరం, అక్కడ నీళ్లున్నాయా, అంగళ్లున్నాయా అని రాసుకుంటూ పోయారు. 1838లో అచ్చయిన ఆయన 'కాశీయాత్ర చరిత్ర'ను ఇప్పటికీ చదువుతున్నామంటే కారణం ఆ వివరాలే.

ఇంత చేశాక పుస్తకం ఇంట్లో తిరగడం మొదలవుతుంది. ఎవరి గుర్తు వాళ్లకుంది. నాన్నది అడ్డగీత, మా ఆయనది చుక్క, అబ్బాయిది నక్షత్రం, నాది సున్నా, అమ్మది టిక్కు. తప్పక చూడాలనుకుంటే రెండుసార్లు పెట్టాలి.

అబ్బాయి ఏనుగుల సాలకు నక్షత్రాల దండే వేశాడు. పదకొండు గదులు వరసగా, వాటి మీద గుమ్మటాలు! యాభై రూపాయల నోటు మీదున్న రాతిరథానికి ఇంకో రెండు. మా ఆయన చుక్కలు మాతంగ పర్వతం మీద పడ్డాయి. కొత్త కెమెరా కొన్నారు, రెండో రోజు సాయంత్రం అక్కణ్నుంచి సూర్యాస్తమయం తీయాలట.

నాన్న గీతలు చూసి ఆశ్చర్యపోయాను. ఇంగ్లిషు గైడులో అర పేజీ కూడా లేని కృష్ణాలయం కింద రెండు గీతలున్నాయి. మాది నెల్లూరు జిల్లాలో ఉదయగిరి వైపు పల్లె. శ్రీకృష్ణదేవరాయలు ఉదయగిరి కోటను గెలిచి, అక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని తెచ్చి, దానికోసం కట్టించిన గుడి అది. 'ముప్ఫై ఏళ్లు పిల్లలకు రాయల గురించి పాఠం చెప్పాను. మా ఊరి కృష్ణుడు ఎక్కడికి వెళ్లాడో చూడొద్దూ!' అన్నారు. ఆ గుడి హంపి నుంచి కమలాపురం వెళ్లే దారిలోనే ఉంది. దానికి వేరే టైము కూడా అక్కర్లేదు.

అమ్మ వంతు వచ్చింది. అమ్మ ఏదీ అడగదు. సినిమాకైనా, హోటల్‌కైనా 'మీకేది ఇష్టమైతే అదే' అంటుంది. పుస్తకం మూడు రోజులు ఆమె దగ్గరే ఉంది. తిరిగిచ్చాక పేజీలు తిప్పాను. విరూపాక్షాలయం దగ్గర కూడా టిక్కు లేదు. చివర్లో ఆనెగొంది పేజీ అడుగున, వెలుతురుకు పట్టి చూస్తే గానీ కనిపించనంత సన్నగా ఒక టిక్కు. పంపా సరోవరం.

'ఏమ్మా, పెట్టింది నువ్వేనా?' అని అడిగాను.

'ఏదో ఊరికే పెట్టాలే తల్లీ. అవతలి ఒడ్డున కదా, మీకు కుదరదు. అంజనాద్రి మెట్లు ఐదొందల పైనే ఉన్నాయని నువ్వే రాశావు, అది నావల్ల కాదు. ఇదైతే బండి దాకా పోతుందట. చిన్నప్పుడు మా అమ్మమ్మ శబరి కథ చెప్పేది... అదే ఆ చెరువు' అంది. ఆ వెంటనే 'బియ్యంలో రాయి ఏరాలి' అంటూ లోపలికి వెళ్లిపోయింది.

ఆ రాత్రి మళ్లీ లెక్క వేశాం. నది దాటి ఆనెగొంది వైపు వెళ్లి రావాలంటే రెండో రోజు మధ్యాహ్నం, సాయంత్రం రెండూ పోతాయి. అంటే మ్యూజియమూ, రాణిగారి స్నానశాలా, మాతంగ పర్వతమూ లేనట్లే. ఎవరూ మాట్లాడలేదు. మా ఆయన రబ్బరు తీసుకుని తన చుక్కలు తనే చెరిపేశారు. 'సూర్యుడు అక్కడ కూడా అస్తమిస్తాడుగా' అన్నారు.

మొదటి రోజు కృష్ణాలయంలో గర్భగుడి ఖాళీగా ఉంది. బాలకృష్ణుడు ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉన్నాడు. ఈ సంగతి నాన్నకు ముందే తెలుసు. అయినా గడప దగ్గర చాలాసేపు నిలబడ్డారు. 'మా ఊళ్లోనూ లేడు, ఇక్కడా లేడు' అని, మనవడిని పిలిచి శాసనం చూపించి, ఉదయగిరి కథ మొదలుపెట్టారు. తెలుగు మాటలు విని దారిన పోయే ఇద్దరు ముగ్గురు కూడా ఆగి విన్నారు.

రెండో రోజు మధ్యాహ్నం పంపా సరోవరానికి చేరాం. గుట్టల మధ్య చిన్న కోనేరు, పక్కన లక్ష్మీదేవి గుడి, నీళ్లలో తామరాకులు. గైడ్‌బుక్కులో నాలుగు వాక్యాలకు మించి లేదంటే తప్పేం కాదు, చూడ్డానికి పది నిమిషాలు చాలు. అమ్మ మెట్టు మీద కూర్చుంది. కాసేపటికి మా అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని శబరి కథ చెప్పింది, పండు కొరికి రుచి చూసి రాముడికి పెట్టడం చేత్తో చూపిస్తూ. నాకు చెప్పినప్పటికంటే ఎంతో నిదానంగా చెప్పింది. గంట దాటింది. 'ఇక వెళ్దామా?' అని తనే అడిగింది.

తిరుగు ప్రయాణంలో మా ఆయన కెమెరా చూపించారు. మాతంగ పర్వతం లేదు, సూర్యాస్తమయం లేదు. కోనేటి మెట్ల మీద అమ్మమ్మా మనవడూ ఉన్న ఫొటోలు మాత్రం ఇరవై దాకా ఉన్నాయి.

మీరూ ఏదైనా ఊరు వెళ్లబోతుంటే పుస్తకాన్ని ఒక్కరి దగ్గరే ఉంచకండి. ఇంట్లో అందరి చేతికీ పెన్సిలివ్వండి. పెద్దగా అడిగేవాళ్ల కోరికలు ఎలాగూ తీరతాయి. అడగనివాళ్ల పెన్సిలు ఎక్కడ ఆగిందో చూడండి. రెండు రోజుల్లో అన్నీ చూడలేం, ఏదో ఒకటి వదలాలి. ఎవరిది వదులుతున్నామో తెలిసి వదలడం మంచిది.

ఆ జిరాక్సు కాగితాల కట్ట ఈమధ్య మా కాలనీలో ఒకావిడ తీసుకెళ్లారు, వాళ్ల అత్తగారికీ మోకాళ్ల నొప్పులేనట. మా టీపాయ్ మీదికి బేలూరు, హళేబీడు పుస్తకం వచ్చింది. పెన్సిలు చెక్కి ఈసారి ముందు అమ్మకే ఇచ్చాం. వారమైంది, ఇంకా తిరిగివ్వలేదు.