గెడ్డ పుట్టేచోటు

చోడవరంలో పాఠం చెబుతూ ఒకసారి ఊబిని పనికిరాని నేల అన్నాం. అన్నాక మాకే సిగ్గేసింది.

మా కొండమీద గెడ్డ పుట్టేచోట నల్లటి ఊబి ఉండేది. పెద్దలు అందులో నాగలి పెట్టనిచ్చేవారు కాదు. ఇంకో మడిచెక్క వస్తుందన్న ఆశతో మేమే కాలువ తీసి ఎండగట్టాం. రెండేళ్లకు గెడ్డ మాఘంలోనే ఎండింది. కింది మళ్లు బీడుపడ్డాయి.

గడ్డీ వేళ్లూ నీటిలో నాని, పూర్తిగా కుళ్లకుండా పేరుకుంటే పీట్ నేల అవుతుంది. భూమ్మీద అది 3 శాతమే, అయినా అడవుల చెట్లన్నిటికన్నా ఎక్కువ కార్బన్ దాచుకుంది. ఎండగడితే అదంతా గాలిలో కలుస్తుంది. మాది అంత లోతైనది కాదు గానీ, నీళ్లు పట్టి ఉంచే పని అదే. అచ్యుతాపురం దగ్గరి కొండకర్ల ఆవ కూడా ఆక్రమణలతో, పూడికతో కుంచించుకుపోతోంది.

"మీ ఊబి మళ్లీ వస్తుందా మాస్టారూ?" అని ఒక పిల్ల అడిగింది. నిరుడు కాలువ పూడ్చాం. తుంగ మొలిచింది. గెడ్డ మాత్రం ఇంకా ఫాల్గుణం దాటడం లేదు.