ఒకే ఒరలో రెండు కత్తులు

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని పెద్దలు అన్నారు. పెద్దల మాటకు ఎదురు చెప్పే ఉద్దేశం నాకు లేదు గాని, ఒకే జత స్పీకర్లతో సంగీతమూ సినిమా రెండూ వినవచ్చునా అన్న ప్రశ్న దగ్గర మాత్రం ఆ సామెతను కొంచెం పక్కకు జరపక తప్పదు. ఇమడతాయి. అయితే రెండు కత్తులూ ఒక్కసారే ఒరలో దూరకూడదు. ఈ వ్యాసం సారమంతా ఇదే. ఓపిక లేనివారు ఇక్కడే పేజీ తిప్పేసుకోవచ్చు. ఉన్నవారు నాతో రండి.

మా నాన్నగారు 1984లో ఒక స్టీరియో ఆంప్లిఫయరు, ఒక జత స్పీకర్లు కొన్నారు. ఎనిమిది ఓముల స్పీకర్లు, బరువైన చెక్క పెట్టెలు. మాకు బాలమురళీకృష్ణగారు, ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారు పరిచయమైంది వాటిలోనే. తర్వాత హాల్లోకి పెద్ద టీవీ వచ్చింది. స్టీరియో వెనక గదిలోకి జరిగింది. దాంతోపాటు నాన్నగారూ జరిగారు. ఎవరూ వెళ్ళమనలేదు, ఎవరూ ఉండమనీ అనలేదు. ఇళ్ళలో పెద్దవాళ్ళు ఖాళీ చేసి వెళ్ళడం ఇంత నిశ్శబ్దంగానే జరుగుతుంది కాబోలు.

పిల్లలకు హోం థియేటర్ కావాలని దుకాణానికి వెళ్తే, "ఆ పాత డబ్బాలెందుకు సార్, ఎక్స్‌ఛేంజిలో పడేయండి" అన్నాడు షాపాయన. మా అమ్మాయి మాత్రం, "తాతయ్య స్పీకర్లే ముందు పెట్టుకుంటే పోదా నాన్నా?" అంది. ఆ ప్రశ్నకు జవాబు వెతకడంలో నేను చదివిన ఫిజిక్సు చాలా ఏళ్ళకు మళ్ళీ పనికొచ్చింది.

అసలు స్టీరియోకు చుట్టరికం కచేరీతోనే కాదు, సినిమా హాలుతోనూ ఉంది! ఇంగ్లండులో అలన్ బ్లమ్లీన్ అనే ఇంజనీరు సినిమాకు వెళ్ళి, నటుడు తెరకు ఒక పక్క ఉంటే గొంతు మరోచోటి నుంచి రావడం చూసి, దీని సంగతి తేల్చాలనుకున్నాడని చెబుతారు. 1931లో ఆయన పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. మన తొలి 70 ఎంఎం తెలుగు చిత్రం 'సింహాసనం' 1986లో ఆరు ట్రాకుల స్టీరియోఫోనిక్ ధ్వనితో వచ్చింది. 1992లో 'బాట్‌మాన్ రిటర్న్స్'తో డాల్బీ డిజిటల్ థియేటర్లకెక్కింది. ముందు మూడు, పక్కల్లో రెండు, బేస్ కోసం ఒకటి, దీన్నే 5.1 అంటున్నాం. ఆ ముందరి మూడింటిలో కుడి ఎడమలవి చేసే పని మన స్టీరియో జత చేసేదే. బంధుత్వం ఇంత దగ్గరిది. కాకపోతే ఇద్దరు యజమానులు.

తంటా అంతా ఆ యజమానులతోనే. రెండు ఆంప్లిఫయర్ల తీగలు తెచ్చి ఒకే స్పీకరుకు కలిపేస్తే సరిపోదా అని అడిగేవారున్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఆంప్లిఫయరు అవుట్‌పుట్ లోపలి నిరోధం ఓములో చిన్న భిన్నం మాత్రమే. ఎనిమిది ఓముల స్పీకరు కన్నా పక్కనున్న రెండో ఆంప్లిఫయరే కరెంటుకు సులువైన దారి. అంచేత ఒకటి రెండోదాన్ని కాల్చేస్తుంది. ఒకదాన్ని ఆపి ఉంచినా ప్రమాదం తప్పదు.

సరైన దార్లు మూడు. మొదటిది, అంతా కొత్త రిసీవరుకే అప్పజెప్పి, పాటలకు దాన్ని స్టీరియో పద్ధతిలో పెట్టుకోవడం. ఇది సులభం, చాలా ఇళ్ళకు చాలు కూడా. కాని పాత ఆంప్లిఫయరు అటకెక్కుతుంది. రెండోది స్విచ్చి పెట్టె. ఒక సమయంలో ఒక ఆంప్లిఫయరునే స్పీకరుకు తగిలించి, రెండోదాన్ని పూర్తిగా విడదీసే రకమే కొనాలి. మూడోది మేం పట్టిన దారి. రిసీవరు వెనక 'ప్రీ అవుట్' అనే సాకెట్లుంటే, కుడి ఎడమల సిగ్నల్ అక్కణ్ణించి పాత ఆంప్లిఫయరు 'ఆక్స్'లోకి పోతుంది. స్పీకరు తీగలు ఎప్పుడూ పాత ఆంప్లిఫయరుకే ఉంటాయి, వాటిని ముట్టుకోనక్కర్లేదు. చవక రిసీవర్లలో చాలావాటికి ఈ సాకెట్లుండవు. కొనేముందు వెనక్కి తిప్పి చూడాలి.

ఇప్పటి స్టీరియో ఆంప్లిఫయర్లు కొన్నింటిలో 'హోం థియేటర్ బైపాస్' ఉంటుంది. అది నొక్కితే వాల్యూము నాబ్‌కు సంబంధం తెగిపోయి పెత్తనమంతా రిసీవరుకు పోతుంది. మా పాతదానికి ఆ సౌకర్యం లేదు. అంచేత నాబ్‌ను ఒకచోట నిలిపి, మా ఆవిడ గోళ్ళరంగుతో అక్కడొక ఎర్ర చుక్క పెట్టాం. సినిమాకు నాబ్ ఆ చుక్క మీదే ఉండాలి. సినిమా అయ్యాక నాబ్ తగ్గించి, ఆ తర్వాతే పాట పెట్టాలి. లేదంటే స్పీకరుకూ చెవులకూ ముప్పే. వేసేటప్పుడు రిసీవరు ముందు, ఆంప్లిఫయరు తర్వాత. ఆపేటప్పుడు ఆంప్లిఫయరే ముందు.

ఇక చివరి తగాదా మిగిలింది. మట్టాలు సరిచూసే మైకు ఎక్కడ పెట్టాలి? స్టీరియోకు ఒక్కటే సింహాసనం. రెండు స్పీకర్లూ వినేవాడూ సమబాహు త్రిభుజం కావాలి. అప్పుడు గాయకుడి గొంతు ఏ పెట్టె నుంచీ కాక నడుమ శూన్యంలోంచి వస్తుంది. పక్కకు జరిగితే, ముందుగా చేరిన ధ్వని వైపే చెవి మొగ్గుతుంది గనక, గొంతు దగ్గరున్న పెట్టెలోకి పడిపోతుంది. సినిమాకు మధ్య స్పీకరు వేరే పెట్టేది ఇందుకే. సోఫా చివర కూర్చున్నవాడికీ మాట తెర మీది నుంచే రావాలి కదా. అంటే పిల్లలు ఎక్కడైనా కూర్చోవచ్చు. ఆ ఒక్క చోటూ కావలసింది నాన్నగారికే. మైకు ఆయన కుర్చీలో పెట్టాం.

ఇప్పుడు సాయంత్రం ఎనిమిది దాకా హాల్లో కచేరీ, ఆ తర్వాత సినిమా. అప్పుడప్పుడు రాగం పూర్తి కాకుండానే పిల్లలు రిమోట్ పట్టుకుని నిలబడతారు. "ఆగండర్రా, తనియావర్తనం అవనివ్వండి" అంటారాయన. విసుక్కుంటూనే ఆగుతారు. వెనక గది తలుపు వెనక ఉన్నప్పుడు ఆయనకు ఆ విసుగు కూడా దక్కేది కాదు.

మిత్రులారా, మీ ఇళ్ళలోనూ ఇలాంటి పాత పెట్టెలు ఉండే ఉంటాయి. సెలవులకు వెళ్ళినప్పుడు దుమ్ము దులిపి, వెనక ఏమేం సాకెట్లున్నాయో చూడండి. స్పీకరు అంచున ఫోమ్ రాలిపోతూంటే కొత్త రింగు వేయించవచ్చు. మేమూ వేయించాం. ఎక్స్‌ఛేంజి మాట ఆ తర్వాత ఆలోచించుకోవచ్చు.