అమ్మ సరుడు, పీవీ ప్రమాణం

1991 జూన్ 21, శుక్రవారం. ఢిల్లీలో పీవీ నరసింహారావు ప్రధానిగా ప్రమాణం చేసిన రోజు. ఆ రోజు నేనూ మా నాయనా ప్రొద్దుటూరులో ఉన్నాం, అమ్మ మూడు తులాల సరుడు కుదవ పెట్టడానికి.

మాది జమ్మలమడుగు పక్కన పల్లె. నాకప్పుడు పదేళ్లు. జూన్ వచ్చిందంటే శనక్కాయ విత్తనానికి డబ్బు కావాలి. ఇంట్లో బంగారం ఊరు దాటాలి. మా వైపు ఇది వింతేమీ కాదు. ప్రొద్దుటూరు బంగారం అంగళ్లు ఎంత ఫేమసో మీకు తెలుసు కదా. కొనేవాళ్లు ముందు మెట్లెక్కుతారు. మేం పక్క సందులోంచి పోయినాం.

సేటు సరుడును గీటురాయి మీద గీకి, త్రాసులో వేసి చూస్తాండాడు. రేడియోలో సాయంత్రం వార్తలు. "తెలుగాయన ప్రధానమంత్రి అయినాడంటన్నా" అన్నాడు సేటు. దక్షిణాది నుంచి అదే మొదటిసారి. నాయన ముఖం వెలిగిపోయింది. చేతిలో నోట్లు లెక్కపెట్టుకోవడం కూడా మరిచిపోయినాడు. నాకు మాత్రం ఇంటికి పోతే అమ్మ మెళ్లో ఉత్త పసుపుతాడే కనపడుతుందని దిగులు.

పులివెందులలో మా జేజి వాళ్లది ఇంకో లెక్క. "మా ఎంపీ రాజశేఖరరెడ్డికి మంత్రి పదవి ఇస్తాడా లేదా?" అదొక్కటే వాళ్ల ప్రశ్న. ఇవ్వలేదు.

జూలై మొదటి వారంలోనే రూపాయి విలువ రెండుసార్లు తగ్గించినారు. ఆ నెల్లోనే పేపర్లో వార్త. రిజర్వ్ బ్యాంకు దాదాపు 47 టన్నుల బంగారాన్ని విమానాల్లో లండన్ పంపించి అప్పు తెచ్చిందని. బయటి దేశాల సరుకు కొనడానికి డాలర్లు లేవట. నాయన గట్టిగా చదువుతాంటే, పొయ్యి దగ్గర్నుంచి అమ్మ నవ్వింది: "పాపం, ఢిల్లీ వాళ్లు గూడా విత్తనం కొనాల్నేమో!"

పెద్దయ్యాక ఆర్థిక సంస్కరణల గురించి ఎంత చదివినా, నాకు ముందు గుర్తొచ్చేది ఆ మాటే.

పీవీ అప్పటికి ఎంపీ కాదు. ఆరు నెలల్లో గెలవాలి కాబట్టి నంద్యాల ఉప ఎన్నికలో నిలబడ్డాడు. తెలుగువాడని ఎన్టీఆర్ పోటీ పెట్టలేదు. మెజారిటీ 5.8 లక్షలు! కోవెలకుంట్ల మా మామ ఓటేసి వచ్చి, "ప్రధానమంత్రికి నేనే ఓటేసినా" అని ఏడాది పాటు చెప్పుకున్నాడు. ఆ తర్వాత ఐదేళ్లలో ఆయన చేసినవాటికీ, చేయకుండా ఊరుకున్నవాటికీ (1992 డిసెంబర్ 6 మరిచిపోయేది కాదు) మామ దగ్గర జవాబు ఉండేది కాదు. నా దగ్గరా లేదు.

దేశం ఆ అప్పు తొందరగానే తీర్చేసింది. మాకు ఆ ఏడాది వానలు మొండిచెయ్యి చూపినాయి. కాయ ఊడలో పట్టలేదు. మరుసటేడు వడ్డీ కట్టలేకపోయినాం. సరుడు మునిగిపోయింది. నాయన ఆ సంగతి అమ్మకు చెప్పడానికి రెండు నెలలు పట్టింది. ఆమె మాత్రం ముందే తెలుసన్నట్టు "సర్లే, బువ్వ తిను" అంది.

2024లో పీవీకి భారతరత్న ఇచ్చినారు. అదే ఏడాది లండన్ నుంచి 100 టన్నుల బంగారం మన దేశానికి తెచ్చుకున్నారని ఫోన్‌లో వార్త చూసి, పులివెందులలో చెల్లెలి ఇంట్లో ఉన్న అమ్మకు ఫోన్ చేసి చెప్పినా.

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగింది.

"ఇప్పుడు తులం ఎంతుందబ్బీ?"